2 సెం.మీ. పెరిగింది జంపా, నా లెక్కా? (పీజీ ప్రాజెక్ట్, సలహా కావాలి)

చివరి_సెమిస్టర్ | సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. వ్యాయామ శాస్త్రంలో పీజీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. ప్రాజెక్ట్ దాదాపు అయిపోయిందనుకున్న రోజే మా గైడ్ ఒక ప్రశ్న అడిగారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

విషయం ఇదీ. 18 మంది విద్యార్థులతో ఆరు వారాలు ప్లయోమెట్రిక్స్ చేయించాను. బాక్స్ జంప్‌లు, హర్డిల్ హాప్‌లు, వారానికి రెండుసార్లు. మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి కౌంటర్‌మూవ్‌మెంట్ జంప్ (నిలబడి, మోకాళ్లు వంచి, వెంటనే ఎగిరేది) ఎత్తు కొలిచాను, మనిషికి మూడేసి జంప్‌లు. కొలిచింది ఫోన్ వీడియోతో, సెకనుకు 60 ఫ్రేములు. పాదం నేల వదిలిన ఫ్రేము, మళ్లీ తాకిన ఫ్రేము చూసి, ఎంతసేపు గాలిలో ఉన్నారో లెక్కేసి ఎత్తు తీశాను. సగటున 2 సెం.మీ. పెరిగింది. పెయిర్డ్ టీ-టెస్ట్‌లో (అదే మనుషుల ముందు, తర్వాత అంకెల్ని పోల్చే పరీక్ష) పీ విలువ 0.05 కన్నా తక్కువే, అంటే కేవలం కాకతాళీయంగా ఇంత తేడా రావడం అరుదు. 18 మందిలో 11 మంది 'రెస్పాండర్లు' (శిక్షణకి ఫలితం చూపినవాళ్లు) అని కూడా రాసేశాను.

డ్రాఫ్ట్ చూసి గైడ్ అడిగింది ఒక్కటే. "వీళ్లంతా ఏ శిక్షణా లేకుండా వారం తర్వాత మళ్లీ ఎగిరితే నీ ఫోన్ ఎంత తేడా చూపిస్తుంది?" నా దగ్గర జవాబు లేదు. సబ్మిషన్‌కి ఇంకా ఏడు వారాలుంది. ఏం చెయ్యమంటారు?


ల్యాబ్_తాళాలు | సోమవారం రాత్రి 11:15

మీ గైడ్ మంచివారు. ఇదే ప్రశ్న వైవాలో బయటి ఎగ్జామినర్ అడిగి ఉంటే అప్పుడు తెలిసేది.

ఒక చిన్న లెక్క చేద్దాం. గాలిలో ఉన్న సమయాన్ని వర్గం చేసి, 9.81తో గుణించి, 8తో భాగిస్తే ఎత్తు. మీరు వాడిందీ ఇదే అయ్యుంటుంది. ఒకరు సరిగ్గా 0.5 సెకను గాలిలో ఉన్నారనుకోండి. ఎత్తు 30.7 సెం.మీ. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. అదే జంప్‌లో మీరు ల్యాండింగ్‌ను ఒక్క ఫ్రేము ఆలస్యంగా గుర్తిస్తే ఎత్తు 32.7.

అంటే ఒక్క ఫ్రేము ఖరీదు 2 సెం.మీ. మీకొచ్చిన ఫలితం మొత్తం అంతే.


చివరి_సెమిస్టర్ | సోమవారం రాత్రి 11:21

అయిపోయింది. ఆరు వారాలు పొద్దున్నే ఐదింటికి లేచి గ్రౌండ్‌కి వెళ్లాను సార్ :(


ఈలకోచ్ | మంగళవారం ఉదయం 6:03

తమ్ముడూ, కంగారు పడకు. పాతికేళ్లుగా పిల్లల్ని పరిగెత్తిస్తున్నాను. ఆరు వారాలు వరసగా ప్లయో చేసిన కుర్రాడు ఎగిరే తీరే మారిపోతుంది, కంటికి కనిపిస్తుంది. మా రోజుల్లో గోడకి చాక్‌పీస్ గీత పెట్టి కొలిచేవాళ్లం, ఎవరూ ఫ్రేముల లెక్క అడగలేదు. ఈ ల్యాబ్ వాళ్లు అన్నిటికీ అనుమానపడతారు.


చివరి_సెమిస్టర్ | మంగళవారం ఉదయం 7:40

తమ్ముడు కాదు సార్, చెల్లెలిని :) ధైర్యం చెప్పినందుకు థాంక్స్.


ల్యాబ్_తాళాలు | మంగళవారం ఉదయం 9:10

కోచ్‌గారూ, గోడ గీత పద్ధతి నాకూ ఇష్టమే. దానికి మూలం డడ్లీ సార్జెంట్ 1921లో ప్రచురించిన జంప్ పరీక్ష, వందేళ్లు దాటినా ఇంకా బతికుంది. కానీ దాంట్లో నిలబడి చెయ్యి చాపిన ఎత్తు నుంచి కొలుస్తాం. మడమ లేపి మునివేళ్ల మీదకి వచ్చిన ఎత్తు కూడా అందులో కలిసిపోతుంది. వీడియోలో కొలిచేది పాదం నేల వదిలాక పెరిగింది మాత్రమే. అందుకే ఒకే మనిషికి రెండు పద్ధతుల్లో రెండు అంకెలొస్తాయి, గోడ మీద అంకెదే పైచేయి. ఒక పేపర్‌లో గోడ అంకె, ఇంకో పేపర్‌లో వీడియో అంకె తీసుకుని పోల్చిన థీసిస్‌లు ఎన్ని చూశానో.

ఇక అసలు అనుమానం. చెల్లెమ్మా, శిక్షణలో ల్యాండింగ్ ఎలా చెయ్యాలో నేర్పించావా?


చివరి_సెమిస్టర్ | మంగళవారం ఉదయం 9:32

నేర్పించాను సార్. మొదటి వారమంతా అదే. మోకాళ్లు వంచి, చప్పుడు రాకుండా దిగమని. గాయాలు కాకూడదని.


ల్యాబ్_తాళాలు | మంగళవారం ఉదయం 9:50

అనుకున్నాను.

ఆ ఫార్ములా ఒకటి ఊహించుకుంటుంది: నేల వదిలినప్పుడు శరీరం ఏ భంగిమలో ఉందో, తాకినప్పుడూ అదే భంగిమలో ఉందని. అప్పుడే పైకి వెళ్లిన సమయం, కిందికి వచ్చిన సమయం సమానం. టేకాఫ్‌లో కాళ్లు చాపి, ల్యాండింగ్‌లో మోకాళ్లు వంచితే పాదాలు నేలను ఆలస్యంగా తాకుతాయి. మనిషి ఒక్క మిల్లీమీటరు కూడా ఎక్కువ ఎగరలేదు, అయినా గాలిలో ఎక్కువసేపు ఉన్నాడు.

ఎంత తేడా అంటావా? అదే 30.7 సెం.మీ. జంప్ తీసుకో. నేల తాకినప్పుడు గురుత్వ కేంద్రం టేకాఫ్ నాటికన్నా 4 సెం.మీ. కిందుంటే, ఫార్ములా 32.6 అని చూపిస్తుంది. మళ్లీ దాదాపు 2 సెం.మీ.

మెత్తగా దిగడం నువ్వే నేర్పావు. వాళ్లు బుద్ధిగా నేర్చుకున్నారు. పెరిగింది ఎగరడమా, దిగే తీరా అన్నది ఈ కొలతతో తేలదు.


మొదటి_సంవత్సరం | మంగళవారం ఉదయం 10:05

అమ్మో. నేను ఇదే టాపిక్ తీసుకుందామనుకున్నాను.


మోకాలిచిప్ప | మంగళవారం మధ్యాహ్నం 1:20

నేను ఫిజియోథెరపిస్టుని. ఫోన్ మీద ఇంత కోపం అవసరం లేదని నా మాట. తప్పు ఫోన్‌ది కాదు, 60 ఫ్రేములది. ఇప్పుడు చాలా ఫోన్లలో స్లో మోషన్ సెకనుకు 240 ఫ్రేములుంది. అప్పుడు ఒక ఫ్రేము 4 మిల్లీసెకన్ల చిల్లర. ఇదే జంప్‌లో ఒక్క ఫ్రేము పొరపాటు అర సెంటీమీటరు. క్లినిక్‌లో నాకది చాలు. ఫోర్స్ ప్లేట్ (పాదాలు నేలను నెట్టే బలాన్ని కొలిచే పలక) ప్రతి ఒక్కరికీ ఎక్కడ దొరుకుతుంది?

ఒక జాగ్రత్త మాత్రం. కొన్ని ఫోన్లు వెలుతురు తగ్గితే చెప్పకుండా ఫ్రేము రేటు తగ్గించేస్తాయి. 240 అని స్క్రీన్ మీద ఉన్నంత మాత్రాన ఫైల్లో అన్నీ సమాన దూరంలో ఉన్నాయని నమ్మకండి, ఫ్రేముల టైమ్‌స్టాంపులు చూసుకోండి.


ల్యాబ్_తాళాలు | మంగళవారం మధ్యాహ్నం 1:45

240 అయినా మోకాళ్లు వంచితే అదే తప్పు, ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది అంతే.


మోకాలిచిప్ప | మంగళవారం మధ్యాహ్నం 1:52

ప్లేట్ మీద కూడా గాలిలో ఉన్న సమయంతో లెక్కేస్తే అదే తప్పు కదండీ. అది పరికరం గొప్పతనం కాదు, పద్ధతి గొప్పతనం.


ల్యాబ్_తాళాలు | మంగళవారం మధ్యాహ్నం 2:10

సరే, ఒప్పుకున్నాను. ప్లేట్ ఉంటే ఇంపల్స్ పద్ధతి వాడొచ్చన్నది నా పాయింటు. నేల మీద పడ్డ బలంలోంచి శరీర బరువు తీసేసి, కాలంతో కూడుకుంటూ పోయి, శరీర ద్రవ్యరాశితో భాగిస్తే టేకాఫ్ వేగం వస్తుంది, దాన్నుంచి ఎత్తు. ల్యాండింగ్‌తో పనే లేదు. కానీ దానికీ ఒక షరతుంది: ఎగిరే ముందు కనీసం ఒక సెకను బొమ్మలా నిలబడాలి. ఆ సెకనులోనే బరువు తీసుకుంటాం. అక్కడ కదిలితే బరువు తప్పు, బరువు తప్పితే చివరి ఎత్తూ తప్పు. విద్యార్థులు నా ల్యాబ్‌కి తెచ్చే పాడైన ఫైళ్లలో ఎక్కువ భాగం ఆ ఒక్క సెకను లేనివే.


పీ_విలువ | మంగళవారం రాత్రి 9:30

ఆలస్యంగా వచ్చాను. ఇద్దరూ పాపం ఆ అమ్మాయిని భయపెట్టేశారు గానీ ఒక ముఖ్యమైన తేడా వదిలేశారు.

ఫ్రేము పొరపాటు ఒక్కో జంప్‌కి 2 సెం.మీ. ఉండొచ్చు. కానీ అది ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి పడితే, 18 మంది, మూడేసి జంప్‌లు, సగటులో చాలా వరకు కొట్టుకుపోతుంది. కాబట్టి 'ఒక ఫ్రేము 2 సెం.మీ., నీ ఫలితం 2 సెం.మీ., కనుక ఫలితం సున్నా' అన్న వాదన గ్రూపు సగటుకి చెల్లదు. భయపడాల్సింది ఎప్పుడూ ఒకే వైపు లాగే తప్పుకి. ల్యాండింగ్ తప్పు అలాంటిదే. ఇంకొకటుంది. ఫ్రేములు గుర్తించింది ఎవరు? అప్పుడు అది ముందు వీడియోనో తర్వాత వీడియోనో వాళ్లకి తెలుసా?

'రెస్పాండర్లు' అన్న మాట మాత్రం రేపు పొద్దున్నే తీసెయ్యండి. అక్కడ సగటు కాదు, ఒక్కో మనిషి గురించి మాట్లాడుతున్నారు, కొట్టుకుపోవడానికి ఏమీ లేదు. ఉదాహరణకి, మనుషుల మధ్య ప్రామాణిక విచలనం (సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నారో) 5 సెం.మీ., రెండుసార్లు కొలిచినప్పుడు ఐసీసీ (రెండు కొలతలు ఎంత బాగా కలుస్తాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 0.90 అనుకుందాం. 0.90 అంటే థీసిస్‌లలో 'అద్భుతం' అని రాసుకుంటారు. దాన్నుంచి కొలత దోషం: 5ని (1 − 0.90) వర్గమూలంతో గుణిస్తే సుమారు 1.6. దాన్ని రెండు వర్గమూలంతో, 1.96తో గుణిస్తే 4.4. ఆ 'అద్భుతమైన' కొలతతో కూడా, ఒక మనిషి 4.4 సెం.మీ. కన్నా తక్కువ మారితే నిజంగా మారాడని 95 శాతం నమ్మకంతో చెప్పలేం. మీ 11 మందిలో అది దాటినవాళ్లు ఎందరు?

కంట్రోల్ గ్రూపు (శిక్షణ లేకుండా పోల్చడానికి పెట్టేవాళ్లు) లేదని చూశాను. అంటే రెండోసారి ఎగిరేటప్పుడు అలవాటు వల్ల వచ్చిన లాభం కూడా ఆ 2లో ఉండొచ్చు. ముందే ఒక రోజు ప్రాక్టీస్ జంప్‌లు చేయించారా?


చివరి_సెమిస్టర్ | మంగళవారం రాత్రి 10:18

ఒక్కొక్కటిగా చెప్తాను. ఫ్రేములు గుర్తించింది నేనే. ఫైళ్ల పేర్లే 'ముందు', 'తర్వాత'. ప్రాక్టీస్ రోజు పెట్టలేదు, నేరుగా మొదటి రోజే కొలిచేశాను. 4.4 దాటినవాళ్లు ఇద్దరు.

చేతులు నడుం మీద పెట్టించాను, అదొక్కటే సరిగ్గా చేసినట్టున్నాను.


సగం_పీహెచ్‌డీ | మంగళవారం రాత్రి 11:02

చేతులు కట్టేయడం చిన్న విషయం కాదు, చేతులు ఊపితే ఎత్తు పది శాతం దాకా, అంతకన్నా ఎక్కువ కూడా మారిపోతుంది. అది వదిలేసిన పీజీ ప్రాజెక్టులు చాలా ఉన్నాయి.

మనసు తేలిక పడాలంటే నా కథ వినండి. నాది మార్కర్లతో (కదలికను కెమెరాలు పట్టుకునేలా ఒంటి మీద అతికించే గుర్తులు) మోకాలి మీద పరిశోధన, దూకి దిగేటప్పుడు మోకాలి మొమెంట్ (కీలును తిప్పే బలం). మొదటి మూడు నెలలు, నేల తాకిన వెంటనే గ్రాఫ్‌లో ఒక అందమైన ముల్లులాంటి శిఖరం వచ్చేది. దాని మీద ఒక చాప్టర్ రాశాను. లిగమెంట్ మీద ఎంత భారం పడుతుందో చూడండి అని. తీరా చూస్తే నేను మార్కర్లను 12 హెర్ట్జ్ దగ్గర, ఫోర్స్‌ను 50 హెర్ట్జ్ దగ్గర ఫిల్టర్ చేశాను, అంటే అంతకన్నా వేగమైన కుదుపుల్ని తీసేశాను. మార్కర్లు చెప్పే త్వరణం నునుపుగా ఉంది, ప్లేట్ చెప్పే బలం పదునుగా ఉంది. రెండూ ఒకే సమీకరణంలో కలిసేసరికి ఆ తేడా అంతా మోకాలి మీద పడి మొమెంట్‌లా కనిపించింది. రెండిటికీ ఒకే హద్దు (కటాఫ్) పెట్టగానే శిఖరం కరిగిపోయింది, చాప్టర్ దానితో పాటే. మీది ఫ్రేము, నాది ఫిల్టర్.


మొదటి_సంవత్సరం | బుధవారం ఉదయం 8:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. అయితే మార్కర్ల సిస్టమ్ ఉంటే ఈ గొడవలుండవా? మా దగ్గర కొత్తగా పెట్టారు. నడక మీద ప్రాజెక్ట్ చేద్దామనుకుంటున్నా.


సగం_పీహెచ్‌డీ | బుధవారం ఉదయం 8:50

ఇంకా ఎక్కువుంటాయి :) మార్కరు అతికేది చర్మం మీద, మనకి కావలసింది ఎముక. తొడ మీద చర్మం, కండ ఎముక మీద జారుతుంటాయి, పాదం నేలకి కొట్టుకున్నప్పుడు వణుకుతాయి. ఏ ఫిల్టరూ దాన్ని పూర్తిగా తియ్యలేదు, ఎందుకంటే ఆ జారడం కూడా అడుగుల లయలోనే జరుగుతుంది. మోకాలు వంగడం, చాపడం బాగానే వస్తాయి. పక్కకి వాలడం, మెలితిరగడం దగ్గర అంకెల్ని సగం నమ్మండి.

మార్కర్లు పెట్టేది మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి అయ్యుండాలి. కటి ఎముక ముందు పొడుచుకొచ్చే బిందువు నాకు ఒకచోట, నా స్నేహితుడికి వేలు వెడల్పు దూరంలో దొరికేది.

ఇంకొకటి. నడిచేవాళ్లకి ఫోర్స్ ప్లేట్ ఎక్కడుందో చెప్పకండి. చెప్తే దాని మీద అడుగు పడేలా చివర్లో అంగ సాగదీస్తారు. చెప్పకపోతే సగం ప్రయత్నాలు వృథా అవుతాయి, అవనివ్వండి.

సెగ్మెంట్ (తొడ, మొండెం లాంటి శరీర భాగాల) బరువుల పట్టిక ఎవరిదో కూడా రాసుకోండి. డెంప్‌స్టర్ 1955 పట్టిక వృద్ధ పురుషుల 8 మృతదేహాల నుంచి వచ్చింది, దాంట్లో తొడ శరీర బరువులో 10 శాతం. డి లేవా 1996 పట్టికలో పురుషుల తొడ 14 శాతం పైనే. తొడలు లావెక్కలేదు, తుంటి దగ్గర తొడ ఎక్కడ మొదలవుతుందో గీసిన గీత వేరు. ఒక పట్టికలో తొడ, ఇంకో పట్టికలో మొండెం తీసుకుంటే మనిషి బరువు 100 శాతం దగ్గర ఆగదు.


ఈలకోచ్ | బుధవారం ఉదయం 9:05

ఇవన్నీ చదివాక నాకొకటి అనిపిస్తోంది. మనిషి ఒకసారి చేసినట్టు ఇంకోసారి చెయ్యడు. మీరేమో ప్రతి తేడాకీ 'దోషం' అని పేరు పెడుతున్నారు.


సగం_పీహెచ్‌డీ | బుధవారం ఉదయం 9:40

కోచ్‌గారూ, ఈ మాట బెర్న్‌స్టైన్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1920లలోనే పట్టుకున్నాడు. సుత్తితో ఉలిని కొట్టే పనివాళ్ల చేతుల కదలికను ఫోటోల్లో బంధించి చూశాడు. చేయి తిరిగిన పనివాళ్లు, అయినా ఏ రెండు దెబ్బల్లోనూ కీళ్లు ఒకే దారిలో వెళ్లలేదు. సుత్తి మాత్రం ఉలి మీదే పడింది. భుజం కొంచెం అటు పోతే మోచేయి ఇటు సర్దుకుంటోంది. ఆ తేడాలు నైపుణ్యంలో భాగం.

చిక్కేమిటంటే, మనిషిలోని ఆ తేడా, నా వేలి తేడా, ఫోన్ ఫ్రేము తేడా, మూడూ ఒకే అంకెలో కలిసి వస్తాయి. విడదీయాలంటే మళ్లీ మళ్లీ కొలవడం తప్ప దారి లేదు.


పీ_విలువ | బుధవారం మధ్యాహ్నం 12:25

సబ్జెక్టు పక్కకి పోతోంది, అమ్మాయి సబ్మిషన్ దగ్గరపడుతోంది. నా ప్రతిపాదన.

మొదట, ఉన్న వీడియోలనే కాపాడండి. మీకు సంబంధం లేని స్నేహితురాలితో ఫైళ్ల పేర్లన్నీ యాదృచ్ఛిక అంకెలుగా మార్పించండి, ఏది ఏదో ఉన్న జాబితా ఆమె దగ్గరే ఉండాలి. తర్వాత మొత్తం మళ్లీ గుర్తించండి. వీలైతే ఇంకొకరు కూడా విడిగా గుర్తించాలి. మీ చూపులో ఉన్న పక్షపాతం దీంతో పోతుంది. ల్యాండింగ్ సమస్య పోదు, అది పరిమితుల్లో నిజాయితీగా రాయండి.

రెండోది, శిక్షణ తీసుకోని పన్నెండు మందితో వారం తేడాలో రెండు రోజులు. అదే వేళకి, అదే షూలతో, అదే వార్మప్‌తో. ముందు ఒక ప్రాక్టీస్ రోజు. గైడ్ అడిగిన ప్రశ్నకి జవాబు అదే. పన్నెండు చిన్న సంఖ్యే, ఐసీసీ పక్కన కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఏ హద్దుల మధ్య ఉండొచ్చో) వెయ్యండి, అది ఎంత వెడల్పుగా ఉందో చదివేవాళ్లే చూస్తారు. ఫలితం వచ్చాక పవర్ (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) లెక్కేసి పెట్టే అలవాటు మాత్రం వద్దు, అది పీ విలువనే ఇంకో వేషంలో చెప్పడం.


ల్యాబ్_తాళాలు | బుధవారం మధ్యాహ్నం 12:40

ఆ పన్నెండు మందినీ ప్లేట్ మీదే ఎగిరించు, ఫోన్‌ను 240లో పక్కనే పెట్టు. ఒకే జంప్‌కి రెండు కొలతలు. ఇంపల్స్ ఎత్తుకీ ఫోన్ ఎత్తుకీ తేడా ఎవరిలో ఎక్కువుందో చూస్తే మోకాళ్లు వంచేవాళ్లు పట్టుబడతారు. ఇంకో ఫోన్ పక్క నుంచి పెట్టి మోకాలి కోణం కూడా తీసుకో.

కొత్త మనుషులు, కొత్త పరీక్ష కాబట్టి ఎథిక్స్ కమిటీకి సవరణ పంపాకే మొదలుపెట్టు. ఏడు వారాల్లో రెండు దానికే పోతాయి, ఈ రాత్రే రాయి.


చివరి_సెమిస్టర్ | బుధవారం రాత్రి 11:55

రాశాను. గైడ్‌కి పంపాను. పదకొండు నిమిషాల్లో "సరే" అని వచ్చింది, ఆవిడ ఇంత తొందరగా జవాబివ్వడం ఇదే మొదటిసారి.


చివరి_సెమిస్టర్ | 18 రోజుల తర్వాత, ఆదివారం

అప్‌డేట్. పేర్లు దాచిన వీడియోలన్నీ మళ్లీ గుర్తించాను. సగటు పెరుగుదల తగ్గింది, మాయమైతే కాలేదు. ఎక్కడ తగ్గిందో వెతికితే సిగ్గేసింది. పాదం నేలను తాకిందా లేదా అని మసగ్గా ఉన్న ఫ్రేము వచ్చినప్పుడల్లా, 'తర్వాత' వీడియోల్లో నేను ఇంకొక ఫ్రేము ముందుకి జరిపాను. 'ముందు' వీడియోల్లో జరపలేదు. కావాలని చేసింది కాదు.

కమిటీ అనుమతి వచ్చింది, పన్నెండు మందితో మొదటి రోజు కొలత అయింది. థీసిస్ పేరు కూడా మారుతోంది, శిక్షణ భాగం ఇప్పుడు రెండో అధ్యాయం.


మోకాలిచిప్ప | ఆదివారం సాయంత్రం 5:10

ఆ మసక ఫ్రేము సంగతి థీసిస్‌లో రాయండి, దాచకండి. నాకు తెలిసి చాలామందికి పనికొచ్చే పేజీ అదే అవుతుంది.


చివరి_సెమిస్టర్ | 8 రోజుల తర్వాత, సోమవారం

రెండో రోజూ అయింది. పేర్లు లేకుండా అంకెల షీట్ మాత్రం ఇక్కడ పెడుతున్నాను. వీడియోలు అడగకండి, సమ్మతి పత్రంలో దానికి ఒప్పుకోలేదు. 11 మంది దగ్గరదగ్గరగా ఉన్నారు. 7వ వరుస ఒక్కటే అర్థం కావట్లేదు, తీసెయ్యొచ్చా?


పీ_విలువ | సోమవారం మధ్యాహ్నం 3:30

నచ్చలేదని తియ్యకూడదు. కారణం దొరికినా ముందు రెండు రకాలుగానూ లెక్క చూపించండి.


ల్యాబ్_తాళాలు | సోమవారం మధ్యాహ్నం 3:48

7లో మూడు జంప్‌లూ ఒకేలా తగ్గాయి, ప్లేట్‌లోనూ ఫోన్‌లోనూ. కాబట్టి కొలత తప్పు కాదు, నిజంగానే తక్కువ ఎగిరాడు. షూ మార్చాడా? ముందు రోజు ఏం చేశాడో అడిగావా?


చివరి_సెమిస్టర్ | సోమవారం సాయంత్రం 6:20

ఇప్పుడే ఫోన్ చేశాను. షూ అవే. ముందు రోజు సాయంత్రం రెండు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆడాడట. "నువ్వు అడగలేదుగా" అన్నాడు.


ల్యాబ్_తాళాలు | సోమవారం సాయంత్రం 6:31

షీట్‌లో 'గత 48 గంటల్లో' అని ఒక గడి పెట్టు. మిగతా పదకొండు మందినీ కూడా ఇప్పుడే అడుగు, మర్చిపోకముందే.